గుణాల పున్నయ్య

కోలాహల గేమ్స్ అని ఒక పెద్ద కంపెనీ. పదిహేడు అంతస్తులు, రెండువేలమంది జనం. అందరూ పొద్దున్నే మెడలో బిళ్లలు వేలాడేసుకుని వచ్చి, లోకం సరదాగా ఆడుకోవలసిన ఆటల్ని సరదా అన్నది దగ్గరికి రాకుండా జాగ్రత్తగా తయారుచేస్తుంటారు. అంత భవనంలోనూ గేదె సంగతి తెలిసినవాడు ఒక్కడూ లేడన్న విషయం, గేదెల మీద మూడేళ్లు పనిచేశాక గాని బయటపడలేదు.

తయారవుతున్న ఆట పేరు 'ఊరంతా మనదే'. ఆడేవాళ్లు తెరమీద ఒక పల్లెటూళ్లో దిగుతారు. అక్కడ పొలం దున్నుకోవచ్చు, గేదెను మేపుకోవచ్చు, సర్పంచి పదవికి నిలబడొచ్చు, ఏదీ ఇష్టం లేకపోతే ఊరికే అరుగు మీద కూర్చోవచ్చు. ఊరికే కూర్చోవడం అన్నింటికంటే కష్టమైన పని అని, దాని మీద నలభైమంది ఇంజనీర్లు రెండేళ్లపాటు తీరిక లేకుండా తిరిగారని చెప్పుకునేవారు. ఇంత చేసినా ఆటలో సహజత్వం చాలలేదని పైఅంతస్తు నుంచి కబురొచ్చింది. అది ఎక్కడ దొరుకుతుందో వెతకడానికి ఒక బృందం కారేసుకుని బయల్దేరింది.

ఆ కారు ఒక గురువారం గొడ్ల సంతలో ఇరుక్కుంది. ముందూ గేదెలే, వెనకా గేదెలే. డ్రైవరు హారన్ మోగిస్తే అవి చెవులు కూడా ఆడించలేదు. అప్పుడు భుజాన తుండు వేసుకున్న ఒక నల్లటి మనిషి వచ్చి, నోట్లోనే ఏదో చప్పుడు చేసి, నాలుగు గేదెల్ని నాలుగు పక్కలకు జరిపి, కారు వైపు చూడనైనా చూడకుండా తన పనికి పోయాడు. కారులోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెతుకుతున్నది దొరికిందని వాళ్లకు తేలిపోయింది.

ఆ మనిషి కొమెర పున్నయ్య. ముప్పై ఏళ్లుగా గొడ్ల బేరగాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడే పని. మిగతా బేరగాళ్లకు నోరే బతుకుదెరువు. పున్నయ్య మాత్రం చూసి ఊరుకునేవాడు. గొడ్డు పది అడుగులు నడిస్తే చాలు, అది ఎన్నో ఈతదో, ఎవరి చేతుల్లో పెరిగిందో, పాలు పిండేటప్పుడు ఎటు కాలు విసురుతుందో అతనికి తెలిసిపోయేది. తెలిసినదాన్ని రెండు మూడు మాటల్లో చెప్పి మళ్లీ నోరు మూసుకునేవాడు.

ఆ రెండు మూడు మాటల్లో తరచుగా వచ్చేది ఒకటుంది. గుణం. సంతలో గుణమంటే మంచిగుణం అని కాదు. మంచిని ఎవరూ అడక్కుండానే అమ్మేవాడు గొంతు చించుకుని చెబుతాడు గనుక దానికి వేరే మాట అక్కర్లేదు. కాలు విసిరే గేదెకు తన్నే గుణం. పాలు దాచుకునే గేదెకు ఎగచేపే గుణం. పలుపు నమిలేదానికి నమిలే గుణం. కన్ను పోవడం, కాలు కుంటడం లాంటివి లోపాలు, అవి పైకి కనిపిస్తాయి. గుణం కనిపించదు, చెప్పాలి. 'దీనికో గుణం ఉంది' అని బేరగాడు అనగానే కొనేవాడు రెండడుగులు వెనక్కు వేసి, అదేమిటో విని, ఆలోచించుకుని కొంటాడు. చెప్పి అమ్మితే గొడవ లేదు. దాచి అమ్మితే పైవారానికి గొడ్డు తిరిగి వస్తుంది, బేరగాడి మాట పోతుంది.

ఇదంతా కంపెనీకి ఎవరూ చెప్పలేదు. వాళ్లు అడగలేదు, అడగనిది చెప్పే అలవాటు పున్నయ్యకు లేదు.

అతన్ని తొమ్మిదో అంతస్తులో కూర్చోబెట్టి, 'సహజత్వ సలహాదారు' అని బిళ్ల వేశారు. మూడోరోజున పెద్ద సమావేశానికి పిలిచారు. అధ్యక్ష స్థానంలో తారకేశ్వర్ ఉన్నాడు. ఆయన ఆటగాళ్ల ఆనంద విభాగానికి ఉపాధ్యక్షుడు. ఆయన నవ్వడం చూసినవాళ్లు లేరు గాని, ఆనందం మీద ఆయన చూపించిన గీతల పటాలు పద్నాలుగు దేశాల్లో తిరిగాయి.

గోడమీద తెర వెలిగింది. మట్టిరోడ్డు. రోడ్డుకు అడ్డంగా గేదె పడుకుని ఉంది. వెనక ట్రాక్టరు. ట్రాక్టరు హారన్ ఎంత మోగినా గేదె లేవదు. ఆరువారాలుగా పదకొండుమంది ఇంజనీర్లు దాన్ని లేపడానికి ప్రయత్నిస్తున్నారట. ఒకసారి లేచింది గాని, ట్రాక్టరును కూడా తీసుకుని ఆకాశంలోకి లేచింది.

"సలహాదారు గారు ఈ దృగ్విషయాన్ని సహజత్వ కోణం నుంచి పరిశీలించి, తమ అమూల్యమైన అభిప్రాయాన్ని సభకు అందజేయగలరని మనవి," అన్నాడు తారకేశ్వర్.

పున్నయ్య గేదె వంక చాలాసేపు చూశాడు.

"అది దాని గుణమండి," అన్నాడు.

"అంటే, ఇది లోపం కాదంటారు."

"లోపం కాదు. గుణం."

చెప్పి అమ్మితే సరిపోద్ది అని కూడా అనబోయాడు. అప్పటికే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు లేచి చప్పట్లు కొడుతున్నారు. పదకొండుమంది ఇంజనీర్లలో ఒకాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఎవరో కేకు తెప్పించారు. తారకేశ్వర్ స్వయంగా కంప్యూటరులో, గేదె నంబరుకు ఎదురుగా 'లోపం' అన్నది కొట్టేసి 'గుణం' అని రాశాడు. ఆ చప్పట్లలో ఒక్క మనిషి చేతులు మాత్రం కదల్లేదని పున్నయ్య గమనించాడు. బల్ల చివర, పుస్తకం ముందేసుకుని కూర్చున్న సన్నటి అమ్మాయి. కేకు ముక్క ఇస్తే పక్కకు పెట్టింది.

మర్నాటి నుంచి పున్నయ్య గది ముందు జనం బారులు తీరారు. ఒక్కొక్క విభాగంవాళ్లూ తమ తమ లోపాల్ని సంకన పెట్టుకుని వచ్చారు. వాన పడితే రోడ్డు మాయమైపోతోందని ఒకరు చూపించారు. పున్నయ్య తలూపి గుణం అని, తన ముందు పెట్టిన తెరమీది మీట నొక్కాడు. బడి ఉంది గాని పంతులు తెరమీదికి రావడం లేదని మరొకరు. ఏ వారమని అడిగాడు పున్నయ్య. ఏ వారమైనా అంతే అన్నారు. గుణం. నది కిందనుంచి పైకి పారుతోందని నీళ్ల విభాగం పెద్ద దిగాలుగా నిలబడితే, "ఎత్తిపోతలు," అన్నాడు. ఆ పెద్ద అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. చనిపోయిన ముసలాయన ఎన్నికలనాడు లేచి వచ్చి ఓటు వేసి మళ్లీ పడుకుంటున్నాడని చెప్పినవాళ్లకు, తమ వార్డులో అలాంటివాళ్లు నలుగురున్నారని పేర్లతో సహా చెప్పాడు. చెయ్యెత్తినా ఆగని బస్సు, చప్పుడు తప్ప నీళ్లు రాని బోరు, ఒకే ఇంట్లో ఉంటూ తొమ్మిదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు, ఇవన్నీ చూశాడు. అన్నీ ఉన్నవే. అన్నీ కొనేవాడికి ముందుగా చెప్పవలసినవే. పున్నయ్య అబద్ధం ఒక్కటి చెప్పలేదు. అందుకే అతనికి అనుమానమూ రాలేదు.

పదోరోజున ఒక మనిషిని చూపించారు. కాళ్లు ముందుకు నడుస్తున్నాయి, తల వెనక్కు తిరిగి ఉంది. పున్నయ్య వెంటనే తల అడ్డంగా ఊపాడు. ఇలాంటిది ఉండదన్నాడు. వచ్చినవాళ్లు ఇబ్బందిగా కదిలారు. ఉండదు అనడానికి మీ తెరమీద మీట లేదు గదా అన్నారు. చూస్తే నిజమే. తెరమీద ఉన్నది ఒకటే మీట, దానిమీద 'గుణం' అని ఉంది. పున్నయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఆరయ్యేసరికి మీట తనంతట తానే నొక్కుకుంది. కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క కనిపించింది: 'నిర్ణీత గడువులో స్పందన లేనిచో అంగీకారముగా భావించబడును.'

ఆ తర్వాత పున్నయ్య మాట్లాడినా మాట్లాడకపోయినా ఒకటే అయింది. కంపెనీ గుణ నిర్ధారణ విభాగాన్ని స్థాపించింది. దానికి నాలుగో అంతస్తు మొత్తం ఇచ్చారు. ఇంజనీర్లకు లోపాలు సరిచేసే పని తీసేసి గుణవర్ధన పని ఇచ్చారు. ఏ గుణం తేలినా, అది ఒక్కచోట ఉండకూడదు, ఇరవై నాలుగు గంటల్లో అంతటా విస్తరించాలి. అందువల్ల రెండోవారానికి ఊళ్లో అందరి తలలూ వెనక్కు తిరిగాయి. నదులన్నీ పైకి పారి ఒకే కొండమీద పోగయ్యాయి. గేదె పడుకున్నట్టే కుక్కలూ, కోళ్లూ, పంచాయతీ కార్యదర్శీ రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు. ఆటలో కదిలేవి రోజురోజుకూ తగ్గిపోతుంటే, స్థిరత్వం పెరుగుతోందని తారకేశ్వర్ ఒక పటం వేయించాడు.

ఇళ్లలోపల వాన కురిసే గుణం ఒకటి గౌస్ అనే ఇంజనీరు కంటపడింది. మంచి పనివాడు, తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మధ్యాహ్నం అన్నం తినడానికి లేవబోతూ, రెండు నిమిషాల్లో దాన్ని సరిచేసి పారేశాడు. ఇళ్లలో వాన ఆగింది. నాలుగింటికల్లా అతనికి కాగితం అందింది. 'గుణహరణ నేరము: కంపెనీచే ధ్రువీకరింపబడిన గుణమును దురుద్దేశపూర్వకముగా నిర్మూలించినందుకు సంజాయిషీ కోరడమైనది.' గౌస్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, లోపలికి పోయి, తీసిన వానను తీసినట్టే మళ్లీ పెట్టి వచ్చాడు.

"దిల్ ఒప్పుతలేదు సార్," అన్నాడు పున్నయ్యతో. "పిల్లగాడి పుస్తకాల మీద పడుతుంది వాన. నా చేత్తోనే పోసి వచ్చిన."

గుణం ఆటలోంచి ఆఫీసులోకి పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. పదకొండో అంతస్తులో ఆగని లిఫ్టుకు గుణపత్రం వచ్చింది. ఎవరైనా బాగుచేస్తారేమోనని దాని ముందు కాపలా పెట్టారు. క్యాంటీను సాంబారుకు గుణపత్రం వచ్చింది. ఆదివారాలు కూడా పనికి రావడం అన్నది ఉద్యోగులకు సహజంగా ఏర్పడిన గుణమని మానవ వనరుల అధిపతి కమలాక్షి గారు ప్రకటించారు. విడుదలకు సిద్ధమవుతున్న ఆటకు పట్నమంతా ప్రకటన బొమ్మలు వెలిశాయి: 'వెయ్యిన్నొక్క గుణాల మహా ఆట'.

ఆ బొమ్మ చూసిననాడు పున్నయ్య నడుస్తున్నవాడల్లా ఆగాడు. గుణాలు ఇన్ని ఉన్నాయని ఇంత పెద్ద అక్షరాలతో ఎవరైనా చాటుకుంటారా అనుకున్నాడు. మళ్లీ, పట్నంవాళ్లు కదా, చెప్పే అమ్ముతున్నారులే అని సరిపెట్టుకున్నాడు.

మర్నాడు క్యాంటీనులో ఆ బల్ల చివరి అమ్మాయి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. పేరు తబిత, బాపట్ల దగ్గర పల్లె. అతని యాస వినగానే బాబాయ్ అని పిలిచింది.

ఆమె ఉండేది మూడో అంతస్తులో, పరీక్షకుల హాల్లో. అక్కడ రెండువందల మంది పొద్దస్తమానం ఆట ఆడతారు. వినడానికి బాగుంటుంది గాని, ఆడడమంటే ఆడడం కాదు. ఎనిమిది నెలలుగా తబిత పని గోడలు. ఆటలో ఉన్న ప్రతి ఇంటికీ ప్రతి గోడకూ భుజం ఆనించి తోసుకుంటూ పోవాలి, ఎక్కడైనా మనిషి గోడలోంచి అవతలికి దూరిపోతాడేమో చూడాలి. దూరితే అది లోపం. రాయాలి. నెలకు అరవై లోపాలు పట్టినవాళ్లు ఉద్యోగంలో ఉంటారు.

"మొన్నటిదాకా నాకు నెలకు తొంభై తక్కువ కాలేదు బాబాయ్. ఇప్పుడు ఎంతో తెలుసా? మైనస్ నలభై ఒకటి."

పున్నయ్య అన్నం కలపడం ఆపాడు. ఆమె చెప్పుకుపోయింది. ఆమె రాసిన ప్రతి లోపమూ గుణమని తిరిగొస్తోంది. గుణాన్ని లోపమన్నందుకు ఒకటి తీసేస్తున్నారు. మొదట పోయింది గేదెదే, అది పట్టింది తనే. శుక్రవారం సంఘం ముందుకు పిలిచారు. మైనస్‌లో ఉన్నవాళ్లను ఉంచిన ఆనవాయితీ లేదు.

"చిన్నప్పట్నించీ అన్నిటికీ వంకలు పెడతానని తిట్లు తిన్నా. ఇంట్లో మా అమ్మ, బళ్లో టీచర్లు, హాస్టల్లో వార్డెను. చర్చిలో పాట శ్రుతి తప్పిందన్నానని పాస్టరుగారు కూడా. వంకలు పెడితే భేషన్నది లోకంలో ఈ ఒక్కచోటే బాబాయ్. ఇదీ పోతే ఇంక నేను దేనికి పనికొస్తా?"

పున్నయ్య పళ్లెం పక్కకు జరిపాడు.

"నేను గుణమన్నది నువ్వెట్టా విన్నావమ్మాయ్?"

"ఎట్టా వినేదేంది? గుణమంటే మంచిదనేగా."

"సంతలో కాదు తల్లీ," అన్నాడు పున్నయ్య. సంతలో ఏమిటో చెప్పాడు. అతను అంత పొడుగ్గా మాట్లాడ్డం అదే మొదలు. విన్నంతసేపూ తబిత నోరు తెరుచుకునే ఉంది. తర్వాత బల్లమీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక ముక్కు తుడుచుకుని, "వెయ్యిన్నొక్కటా," అంది.

పున్నయ్య చెయ్యి కడుక్కుని నేరుగా పదిహేడో అంతస్తుకు మెట్లెక్కి పోయాడు. తారకేశ్వర్ అతన్ని ఆదరంగా కూర్చోబెట్టాడు. పున్నయ్య తన మాటకు అర్థం ఇదీ అని చెప్పి, ఆ అమ్మాయి చెప్పినవన్నీ నిజంగా చెప్పాల్సినవేనని, వాటికి ఆమెను శిక్షించడం న్యాయం కాదని అన్నాడు. ఉపాధ్యక్షుడు కళ్లు మూసుకుని తలాడిస్తూ విన్నాడు.

"మీరు వెలిబుచ్చిన ఆవేదనను సంస్థ అత్యంత గౌరవంతో స్వీకరిస్తోంది," అన్నాడు. "అయితే ఒక పదానికి అర్థం మార్చాలంటే అర్థ సవరణ సంఘం సమావేశం కావాలి. ఆ సంఘం ఆట విడుదలయ్యాక గాని ఏర్పడదు. అంతవరకు గుణమంటే గుణమే. అయినా పున్నయ్య గారూ, నిపుణులు మీరు, ఇంత వినయం పనికిరాదు."

పున్నయ్య దిగి వచ్చాడు. శుక్రవారం దాకా ఉన్న రెండురోజులూ తెరముందు చేతులు కట్టుకునే కూర్చున్నాడు. ఆరుకొట్టగానే మీట దానిపని అది చేసుకుపోయింది.

శుక్రవారం పనితీరు పునర్విమర్శ సంఘం పన్నెండో అంతస్తులో కూర్చుంది. పదకొండులో ఆగని లిఫ్టు ఆరోజు పన్నెండులోనూ ఆగకపోవడంతో, గుణం విస్తరిస్తోందని సంతోషిస్తూ సభ్యులందరూ పదమూడుకు పోయి దిగివచ్చారు. కమలాక్షి గారు మధ్యలో, తారకేశ్వర్ కుడిపక్క. తబిత ఎదురుగా నిలబడింది. కుర్చీ ఉంది గాని కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె రాసినవన్నీ గుణాలని తేల్చింది పున్నయ్య మీటే గనుక, సాక్ష్యానికి అతన్నీ పిలిచారు. అతని తెరను కూడా మోసుకొచ్చి ముందు పెట్టారు.

కమలాక్షి గారు ఫైలు చదివారు. నలభై ఒక్కసార్లు సంస్థ గుణాలను లోపాలుగా పేర్కొనడం జరిగింది. హెచ్చరికలు జారీచేయడం జరిగింది. ఉద్యోగిని ప్రవర్తనలో గుణాత్మకమైన మార్పు గమనించబడలేదు.

"కావున ఉద్యోగినిలోనే లోపమున్నట్టు సంఘం ప్రాథమికంగా నిర్ధారించి, దానిని నియమానుసారం లోపాల పట్టికలో నమోదు చేయించడమైనది," అని ముగించారు.

కంపెనీలో లోపాలకు ఉన్నది ఒకటే పట్టిక. గేదెదైనా, గోడదైనా, మనిషిదైనా అందులోకే పోవాలి. పోయింది. పున్నయ్య ముందున్న తెర గంట కొట్టినట్టు చప్పుడు చేసింది. కొత్త నంబరుతో ఒక వరస వెలిగింది: 'తబిత. మూడవ అంతస్తు. కనిపించినదానిని కనిపించినట్టు నమోదు చేయుచున్నది. సరిచేయుటకు వీలుపడలేదు. తొలగించుట.'

పున్నయ్య దాన్ని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. తలెత్తి తబితను చూశాడు. ఆమె గోడవైపు చూస్తోంది. గోడకూ కప్పుకూ మధ్య వేలెడు సందు ఉంది, అది ఆమె కంటపడిందని, చెప్పాలో వద్దోనని పెదవి కొరుక్కుంటోందని పున్నయ్యకు తెలిసింది. మైనస్‌లో నిలబడి కూడా ఆ కళ్లు తమ పని మానలేదు. ముప్పై ఏళ్లలో అతను ఎన్నో గొడ్లను చూశాడు. ఇలాంటి రకాన్ని ఎవరికైనా అప్పగించేముందు చెప్పి తీరాలి.

లేచి నిలబడి, భుజం మీది తుండు తీసి చేతికి చుట్టుకున్నాడు. సంతలో నలుగురూ వినాల్సిన మాట చెప్పేటప్పుడు అలాగే చేస్తాడు.

"ఈ అమ్మాయికి ఉన్నది లోపం కాదండి," అన్నాడు. "గుణం."

తుండు చుట్టిన చెయ్యి తబిత వైపు చూపించాడు.

"ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుద్ది. కొట్టినా తిట్టినా పోయేది కాదు. దగ్గర పెట్టుకునేవాళ్లు కాస్త చూసుకుని మసలాలి. ముందే చెబుతుండా. తర్వాత నన్నడగొద్దు."

పదోరోజు తర్వాత అతను మీట మీద వేలు పెట్టడం అదే మొదటిసారి. గట్టిగా నొక్కాడు. తెరమీద తబిత పేరుకెదురుగా 'లోపం' అన్నది చెరిగిపోయి, ఆకుపచ్చటి అక్షరాలతో 'గుణం' అని వెలిగింది. 'తొలగించుట' అన్న మాట ఎర్రగా రెండుసార్లు కొట్టుకుని దానంతటదే ఆరిపోయింది.

తారకేశ్వర్ నియమావళి తెప్పించాడు. తిరగేశాడు. కమలాక్షి గారు అద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని తానూ తిరగేశారు. ధ్రువీకరింపబడిన గుణాన్ని తొలగించడం గుణహరణ నేరం. ఆ నియమం కింద సంతకం ఎవరిదని చూస్తే కమలాక్షి గారిదే. ఆమె కాగితం బల్లమీద పెట్టి, ఉద్యోగిని కూర్చోవచ్చునన్నారు. తబిత కూర్చుంటూనే, గోడకూ కప్పుకూ మధ్య సందున్న సంగతి చెప్పేసింది. సంఘం అంతా తలెత్తి చూసింది. నిజంగానే ఉంది. అయిదేళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్నా ఎవరూ చూడలేదు.

"ఇంకొక నిబంధన కూడా ఉన్నది," అన్నాడు తారకేశ్వర్, పేజీ మీద వేలు పెట్టి. "ఏ గుణమైనను ఇరవై నాలుగు గంటలలోపల అంతటా విస్తరింపజేయవలెను."

ఆయన నియమం తప్పే మనిషి కాదు. మధ్యాహ్నం రెండింటికల్లా పదిహేడు అంతస్తులకూ ఉత్తర్వు వెళ్లింది: నేటి నుండి ఉద్యోగులందరూ కనిపించినదానిని కనిపించినట్టు చెప్పవలెను.

మొదటి పావుగంట ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత లిఫ్టు ముందు కాపలా ఉన్నాయన, ఈ లిఫ్టు పాడైపోయిందండి అన్నాడు. అంతే, కట్ట తెగింది. సాంబారు తనకూ నచ్చదని, ఇంటి దగ్గర్నించి డబ్బా తెచ్చుకుంటున్నానని క్యాంటీను వంటమనిషి మైకులో చెప్పాడు. ఏడో అంతస్తు సమావేశంలో ఒకమ్మాయి లేచి, ఇది నిన్నటి సమావేశమే కదా అంటే, పక్కనున్నాయన మొన్నటిది కూడా అన్నాడు. ఆనందం పటాల్లో గీతలు పైకి పోతున్నట్టు కనిపించడానికి కాగితం వాల్చి పెట్టి ఫొటో తీశామని పటాలు గీసేవాళ్లు ఒప్పుకున్నారు. ఊరికే కూర్చోవడం మీద పనిచేసిన నలభైమందిలో ముప్పైతొమ్మిది మంది, తాము రెండేళ్లుగా నిజంగానే ఊరికే కూర్చున్నామని చెప్పి తేలికపడ్డారు. నలభయ్యో ఆయన సెలవులో ఉన్నాడు. జనం వరండాల్లో నిలబడి ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, మళ్లీ కొత్తది గుర్తొచ్చి పరుగెత్తుకు వస్తున్నారు. అన్నేళ్లుగా ఆటలు తయారుచేస్తున్న ఆ భవనంలో ఎవరైనా ఆడుకుంటున్నట్టు కనిపించడం అదే మొదటిసారి.

చెప్పినవన్నీ రాసుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. అలవాటున్న చెయ్యి తబితదే. సాయంత్రానికి ఆమె ముందు ఆరువందల లోపాలు పోగయ్యాయి. గౌస్ తనవాళ్లను వెంటేసుకుని మూడో అంతస్తుకు వచ్చి, నెలరోజులుగా ఆకలితో ఉన్నవాడు వంటింటి గడపలో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఏది ముందు సెయ్యాలె అక్కా?" అన్నాడు.

"వాన," అంది తబిత. తలెత్తకుండానే వాళ్ల వరస సరిగ్గా లేదని కూడా చెప్పింది. వాళ్లు సర్దుకుని నిలబడ్డారు.

ఆట విడుదల ఆరునెలలు వెనక్కు పోయింది. పట్నంలో బొమ్మలు దించేశారు. సలహాదారుకు ఇక పనిలేదు గనుక పున్నయ్య బిళ్ల తీసి బల్లమీద పెట్టి, తుండు దులుపుకుని బయల్దేరాడు. వచ్చే గురువారానికి సంతలో ఉండొచ్చు.

మెట్ల దగ్గర తారకేశ్వర్ ఎదురయ్యాడు. చుట్టూ ఎవరూ లేరు. ఉత్తర్వు వచ్చిన దగ్గర్నించి రెండువేలమంది ఉన్నవి ఉన్నట్టు చెప్పుకున్నారు గాని, ఆయన దగ్గరికి వచ్చి ఏదైనా చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. తనను మాత్రం వదిలేశారన్న వెలితి ఆయన ముఖంలో కనపడుతూనే ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"పున్నయ్య గారూ, సహజత్వ కోణం నుంచి... అంటే, మీరు చూసిన మేరకు... నాలో కూడా ఏమైనా గుణాలు ఉన్నాయంటారా?"

పున్నయ్య ఆగాడు. ఆయన్ను కాళ్లనుంచి తలదాకా చూశాడు. వెనక్కు వెళ్లి, ఒక చుట్టు తిరిగి ముందుకు వచ్చాడు.

"చెప్పి తీరాల్సినవి నాలుగున్నయ్యండి," అన్నాడు.

ఉపాధ్యక్షుడు కొంచెం నొచ్చుకున్నాడు.

"నాలుగేనా?" అన్నాడు.